ఎనిమిదో వంతు మాత్ర

1988 మే నెల. రాయపూర్ అప్పటికింకా మధ్యప్రదేశ్‌లోనే ఉంది. గుఢియారీలో రైలు పట్టాల పక్క సందులో రెండు గదులు అద్దెకు తీసుకుని, కుక్కలకూ పిల్లులకూ విడిగా క్లినిక్ పెట్టి నాకది అయిదో ఏడు. పశువుల డాక్టరంటే ఆవులూ గేదెలూ చూసుకోవాలి గాని ఇదేం పనని మా చుట్టాలే నవ్వేవారు. రైల్వేలో ఫిట్టర్‌గా విజయనగరం నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మా నాన్న మాత్రం నవ్వలేదు. ఎవరైనా నా గురించి అడిగితే మాట మార్చేవాడు.

బోర్డు మీద అత్యవసర చికిత్స అని గొప్పగా రాయించాను. లోపల ఉన్నదల్లా ఒక టేబులు, కొన్ని సెలైన్ సీసాలు, ఒక ఆక్సిజన్ సిలిండరు, భగత్ అనే కాంపౌండరు. మేం ఎక్కువగా చేసేది సపోర్టివ్ ట్రీట్‌మెంట్. అంటే జబ్బును నేరుగా కొట్టే మందు చేతిలో లేనప్పుడు, ఒళ్లు తనంతట తాను తేరుకునేదాకా ఊపిరి ఆగకుండా, ఒంట్లో నీరు తగ్గకుండా కాపాడటం. చాలాసార్లు అది పక్కన కూర్చుని ఎదురుచూడటమే.

ఆ సోమవారం పొద్దున పదింటికి రత్నకుమారి సిస్టర్ వచ్చింది. బాపట్ల వైపు మనిషి. ఇరవై ఏళ్లుగా ఇక్కడి ఆస్పత్రిలో నర్సు, క్వార్టర్‌లో ఒక్కతే ఉంటుంది. ఇదివరకు టైగర్ అనే కుక్కను నా దగ్గరికి తెచ్చేది. అది ముసలిదై పోయాక చిన్ని అనే పిల్లిని పెంచుకుంది. డ్యూటీ నుంచి వచ్చేసరికి గడప దగ్గర తనకోసం కూర్చునేది అదొక్కటేనని ఒకసారి నవ్వుతూ చెప్పింది. ఇప్పుడు చిన్ని ఆవిడ చేతుల్లో, తువ్వాల్లో ఉంది.

"జరా జల్దీ చూడండి బాబూ. శనివారం పొద్దున గండుపిల్లితో కొట్లాడి కాలు కొరికించుకుంది. బుఖార్ వచ్చి ఒళ్లు కాలిపోయింది. నిన్నంతా పరవాలేదు. తెల్లారినకాడ్నించి ఊపిరాడట్లేదు."

చిన్ని మొహం వాచి ఉంది. నోరు తెరిచి చూశాను. గులాబీ రంగులో ఉండాల్సిన చిగుళ్లు బురదరంగులో ఉన్నాయి. రక్తం తీస్తే కాఫీ డికాక్షన్‌లా వచ్చింది. భగత్ సిరంజి వంక చూసి, నా వంక చూసి, తల దించుకున్నాడు.

"ఏమైనా మందు వేశారా?"

"పారాసిటమాల్. నాలుగు డోసులు."

పర్సులోంచి చిన్న పొట్లం తీసి విప్పింది. బ్లేడుతో ఎనిమిది ముక్కలు చేసిన మాత్రలో నాలుగు ముక్కలు మిగిలాయి. చిన్నిని కూరగాయల బండివాడి తరాజులో కూర్చోబెట్టి తూయించిందట. మూడున్నర కిలోలు. దాన్నిబట్టి లెక్క కట్టి, పసిపిల్లల వార్డులో చేసినట్టే, ఏ డోసు ఎన్నింటికి వేసిందీ రాసుకుంది.

పారాసిటమాల్ మనుషులకు మంచి మందే. కొలత దాటకపోతే కుక్కలూ తట్టుకునేవి, ఆ రోజుల్లో మేం ఇచ్చేవాళ్లం. కానీ పిల్లి లివరు దాన్ని అరిగించి బయటికి పంపలేదు. పిల్లి రక్తం ప్రాణవాయువును మోయడం మానేస్తుంది. అది గాలి పీలుస్తూనే ఉంటుంది, పీల్చింది ఒంటికి చేరదు.

నాకు కోపం నెత్తికెక్కింది. అది నాకు మొదట్నుంచీ ఉన్న జబ్బు.

"ఇరవయ్యేళ్ల సర్వీసు ఉన్న నర్సు మీరు. పిల్లికి మనుషుల మాత్ర వేస్తారా? చదువురానోళ్లు చేశారంటే సరే అనుకుంటాను. నన్నొక్క మాట అడగడానికి ఏమైంది మీకు?"

అంతకుముందు రెండు రోజులూ క్లినిక్‌కు తాళం వేసి అభన్‌పూర్‌లో పెళ్లికి వెళ్లినవాణ్ణి నేనే. ఆ సంగతి అప్పుడు గుర్తు రాలేదు.

ఆవిడ బ్యాగులోంచి మడత పెట్టిన చీటీ తీసి టేబులు మీద ఉంచింది. నర్సులు కాగితం పారేయరు. పైన నా క్లినిక్ పేరు, కింద నా సంతకం. మధ్యలో పారాసిటమాల్, అర టాబ్లెట్, రోజుకు రెండుసార్లు, బరువు పదిహేను కిలోలు. నాలుగేళ్ల కిందట టైగర్‌కు రాసిచ్చింది. అందులో టైగర్ పేరు లేదు, కుక్క అన్న మాటా లేదు. అప్పట్లో నేను అలాగే రాసేవాణ్ణి. ఎదురుగా కుక్క నిలబడి ఉంటే కుక్క అని రాయడమెందుకు అనిపించేది.

"మీరు రాసిందే కదా బాబూ. బరువు తక్కువని తగ్గించి హిసాబ్ కట్టాను."

గొంతులో నిష్ఠూరం లేదు. వార్డులో డాక్టరుకు కేసు చెప్పే గొంతు అది. ఆవిడ నన్ను తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

దీనికి విరుగుడు ఒకటుందని పుస్తకంలో చదివాను. భగత్‌ను సైకిలు మీద పంపి ఊళ్లో మందుల షాపులన్నీ అడిగించాను, దొరకలేదు. విటమిన్ సి ఇంజెక్షన్ ఇచ్చి డ్రిప్ పెట్టాం. పాత ఎక్స్‌రే ఫిల్మును గరాటాలా చుట్టి ఆక్సిజన్ గొట్టానికి తగిలిస్తే, సిస్టర్ దాన్ని చిన్ని మూతి దగ్గర పట్టుకుని కూర్చుంది. రెండో చేత్తో కాగితం మీద గళ్లు గీసి, పావుగంటకోసారి ఊపిరి లెక్కపెట్టి రాసింది. ఎవరూ అడక్కపోయినా ప్రతిసారీ పైకి చదివింది.

"డెబ్భై రెండు. చిగుళ్ల రంగు అట్లాగే ఉంది."

ఒంటిగంటకు అరవైకి దిగింది. చిన్ని తల ఎత్తి ఆవిడ బొటనవేలు నాకింది. నాకూ ఆశ పుట్టింది.

"బతుకుద్దా బాబూ?"

"చూద్దాం సిస్టర్."

"నేనూ పేషెంట్ల ఇంటోళ్లకి ఇదే చెబుతాను. చూద్దాం అని."

మూడింటికి మళ్లీ ఎగపోత మొదలైంది. కాసేపటికి కాళ్లు చల్లబడ్డాయి. ఇంకో ఇంజెక్షన్ ఎక్కిస్తుండగానే చిన్ని పోయింది. సిస్టర్ గరాటా పక్కన పెట్టింది.

"టైం ఎంత?"

"మూడూ నలభై."

రాసుకుంది. ఆ కింద అడ్డంగా గీత గీసింది. "కారణం ఏం రాయమంటారు?"

"మందు పడలేదని రాయండి," అన్నాను.

డాక్టర్లందరికీ అక్కరకొచ్చే మాట అది. ఎవరిచ్చారో, ఎవరు రాశారో అందులో ఉండదు.

"తప్పు నాదే. నా చేత్తో నేనే వేశాను కదా," అంది సిస్టర్.

చీటీ నాది అని చెప్పాల్సిన సమయం అదే. నేను లేచి చేతులు కడుక్కోవడానికి లోపలి గదిలోకి వెళ్లాను. అవసరమైనదానికన్నా చాలాసేపు కడుక్కున్నాను.

తిరిగొచ్చేసరికి ఆవిడ చిన్నిని తువ్వాల్లో చుట్టుకుని రిక్షా ఎక్కి వెళ్లిపోయింది. నా టేబులు అద్దం కింద ఆ చీటీ ఉంది, చదివే వైపు వచ్చేవాళ్లకు ఎదురుగా ఉండేలా. దాని మీద ఎర్ర సిరాతో ఒక వాక్యం. ఏ మందు ఇవ్వకూడదో కేసు షీటు మీద నర్సులు ఎర్ర సిరాతోనే రాస్తారు. పిల్లికి ఇవ్వకూడదు అని రాసింది. మేమిద్దరం ఎప్పుడూ తెలుగులోనే మాట్లాడుకునేవాళ్లం. ఆ మాట మాత్రం హిందీలో రాసింది. నాకు చెప్పడానికి కాదు, ఇక్కడికి వచ్చే అందరికీ చెప్పడానికి.

వారం తర్వాత క్వార్టర్‌కు వెళ్తే తాళం వేసి ఉంది, డ్యూటీలో ఉందన్నారు. మళ్లీ వెళ్లాలని చాలాసార్లు అనుకుని వెళ్లలేదు. రెండేళ్లకు బిలాస్‌పూర్‌కు బదిలీ అయిందని తెలిసింది.

కొత్త చీటీలు అచ్చు వేయించాను. మొదటి గడి ఏ జంతువు అన్నది. అది నింపకుండా మందు పేరు రాయను. ఇంట్లో ఏం వేశారని అడిగేటప్పుడు గొంతు పెంచను. పెంచితే జనం దాస్తారు, దాస్తే జంతువు పోతుంది. ఇంతవరకు నేర్చుకున్నాను.

పన్నెండేళ్లుగా ఆ చీటీ అద్దం కిందే ఉంది. వచ్చినవాళ్లు దాన్ని చదివి, జనానికి తెలిసేలా రాసిపెట్టి మంచి పని చేశారు డాక్టర్ సాబ్ అని మెచ్చుకుంటారు. నేను తలూపి ఊరుకుంటాను. ఆ ఎర్ర అక్షరాలు నేను రాయాల్సినవి. నేను రాయలేదు.