ఐదో మాట

ఈ ఏడు శుభ శుక్రవారం, మధ్యాహ్నం సరిగ్గా పన్నెండింటికి, మా గుడిలో సిలువకు అడ్డంగా తెల్ల తెర దించారు. తోటపల్లి గూడూరు అవతల మా పల్లెలో ఆ రోజు పన్నెండు నుంచి మూడు దాకా, ఏసయ్య సిలువ మీద పలికిన ఏడు మాటల గురించి ఏడుగురం మాట్లాడతాం. ఐదోది, "దప్పిగొనుచున్నాను" అన్నది, పందొమ్మిదేళ్లుగా నాది. రొయ్యల గుంటలొచ్చి మా బావి ఉప్పుబారిన సంగతి ఈసారి అందులో చెబుతానని ముందే అందరితో అన్నాను.

తెర కొనిచ్చింది ఆ గుంటల యజమాని.

"ఈసారి మాటల్లేవు పెద్దమ్మా. రోమా కాలం సినిమా ఏస్తన్నాం, తెలుగులోనే. జనం నిద్రపోకుండా చూస్తారు," అన్నారు పాస్టరుగారు.

"నా మాటకి ఎవురు నిద్రపోయినారు అయ్యగారూ?"

ముందు వరసలోంచి యజమాని నవ్వాడు. "నీ మాటకి నిద్రెట్ట పడతాదక్కా? అందుకే గదా సినిమా!"

అందరూ నవ్వారు. మా బావి నీళ్లు తాగినవాళ్లు కూడా.

సినిమాలో బానిసల బట్టలకు ఇస్త్రీ మడతలున్నాయి. ఎడారిలో ఒక్కరికీ చెమట పట్టలేదు. రాణి చెరువంత తొట్టిలో స్నానం చేసింది. మూడయ్యేసరికి కథ సిలువ దాకా రానేలేదు, హీరో ఇంకా రాణి వెంటే తిరుగుతున్నాడు. అక్కడే ఆపి, ఆశీర్వాదం చెప్పి పంపించేశారు.

పోయినవి: ఏడు మాటలు, మూడు గంటలు, ఒక మంచినీళ్ల బావి.