చీర వెనక రెండు జతల స్పీకర్లు

2023 వానాకాలం. బెంగళూరు పీణ్యలో మా ఇంటి ముందరి గదే నా అంగడి. నేను చదివింది మూడో తరగతి. పెళ్లయి ఈ ఊరొచ్చాక ఒక స్పీకర్ల షెడ్డులో కోన్లు అతికించే పనికి కుదిరాను. కోన్ అంటే స్పీకరులో ముందుకూ వెనక్కూ ఆడే కాగితపు గిన్నె. దాని అడుగున రాగితీగ చుట్టిన చిన్న గొట్టం ఉంటుంది, వాయిస్ కాయిల్ అంటారు. అది కాలిపోతే స్పీకరు మూగబోతుంది. దాన్ని విప్పి కొత్తది చుట్టి పెట్టడమే నాకు కూడు పెట్టిన పని. మనవళ్లు పుట్టినా వదల్లేదు. పాత స్పీకర్ల విడిభాగాలు పారేయడం నాకు నచ్చదు కాబట్టి వాటితోనే సొంతంగా పెట్టెలు కట్టి అమ్మేదాన్ని కూడా.

మా వీధిలో ఒక అలవాటు ఉంది. ఎవరైనా ఖరీదైన స్పీకర్లు కొనేముందు తెచ్చి నాకు చూపిస్తారు. నేను పెట్టెను వేలి కణుపుతో కొట్టి, ఎత్తి బరువు చూసి సరేనంటే కొంటారు, వద్దంటే మానేస్తారు. వద్దనడమే ఎక్కువ. ఎంత ఖరీదైన పెట్టె విప్పినా లోపల నాకు కనబడేవి అవే అయస్కాంతం, అదే తీగ, అదే కాగితం. తక్కినదంతా పాలిష్‌కూ పేరుకూ పోసిన డబ్బని నా నమ్మకం. ఆ మాట పదిమందిలో గట్టిగానే చెప్పేదాన్ని.

ఆ రోజు గోపాలప్ప, అతని భార్య రత్నమ్మ ఒక స్పీకర్ల జతను ఆటోలో వేసుకొచ్చారు. గోపాలప్ప పవర్ ప్రెస్ మీద పనిచేసి రిటైరైన మనిషి. ఇనుప రేకును దబ్బున నొక్కి కోసే యంత్రం అది. దాని పక్కన ఏళ్ల తరబడి నిలబడితే చెవులు మొద్దుబారతాయి. అతనికి చప్పుడు వినపడుతుంది, మాట విడివిడిగా తెలియదు. చెవి మిషన్ కూత పెడుతోందని తీసి బీరువాలో పడేశాడు. రత్నమ్మ శనివారం భజన గుంపులో పాడుతుంది. పాటలు తనే కట్టుకుంటుంది. ఇన్నేళ్లలో ఆ పాటల్లో మాటలేమిటో భర్తకు తెలియదు.

జయనగరలో ఒక షోరూముకు బంధువులతో పోయినప్పుడు, ఫోనులో ఉన్న రత్నమ్మ పాటను అక్కడ వేయించుకున్నాడట. కొన్ని మాటలు తెలిశాయట. ఇంట్లో పెట్టుకుని చూసి చెప్పమని షోరూమువాళ్లు ఆ జతను ఇచ్చి పంపారు.

"అక్కా, దీంట్లో రత్న ఏం పాడేది తెలస్తా ఉండాది. తీసుకునేదా?" అన్నాడు.

వెల చెప్పగానే నాకు ఒళ్లు మండింది.

"ఏమప్పా, దుడ్డు ఎక్కువైందా నీకు? పాలిష్ పెట్టిన చెక్కకి అంతా?" అని అరిచాను. అప్పటికి అంగట్లో నలుగురున్నారు. వాళ్లవైపు తిరిగి, గొంతు తగ్గించి, "వినపడని చెవులకి ఇంత బంగారం తొడుగా! గోడకి వినిపించినా ఒకటే కదా" అన్నాను.

అందరూ నవ్వారు. ఎందుకో తెలియకపోయినా వాళ్లు నవ్వుతున్నారని గోపాలప్ప కూడా నవ్వాడు.

"సుమ్నే ఉలక్కుండా కూర్చో, నీ చెవులతోనే తేలుస్తా" అని తాడు మీద పాత చీర వేసి, వెనక అతని జతనూ నా పెట్టెల జతనూ పెట్టాను. రెండింటినీ ఒకే ఆంప్లిఫయరుకు కలిపి, ఒకదాని తర్వాత ఒకదానిలో రత్నమ్మ పాట వేశాను.

ఇక్కడ మా పనిలోని ఒక సంగతి చెప్పాలి. వాల్యూమ్ ఒకే చోట పెట్టినా ఒక స్పీకరు గట్టిగా పలుకుతుంది, ఇంకొకటి మెత్తగా పలుకుతుంది. దాన్ని సెన్సిటివిటీ అంటాం. గట్టిగా పలికేదే ఎవరి చెవికైనా బాగుందనిపిస్తుంది. అందుకే పోల్చేముందు దాన్ని తగ్గించి రెండింటినీ సమం చేయాలి. షెడ్డులో నాకు మొదట నేర్పిన పాఠాల్లో అదొకటి. నా పెట్టెలే గట్టిగా పలుకుతున్నాయని ఆ పొద్దు నాకు తెలుస్తూనే ఉంది. చెయ్యి నాబ్ మీదే ఉంది. తిప్పలేదు.

"రెండోది అక్కా! రెండోదే చెవికి బాగా తగల్తా ఉండాది" అన్నాడు గోపాలప్ప.

చీర లాగాను. రెండోది నాది. "చూస్తిరా?" అన్నాను అందరితో. అతని జత షోరూముకు తిరిగిపోయింది. నా పెట్టెలు అతని ఇంటికి పోయాయి.

దసరా దాటాక రత్నమ్మ ఒక్కతే వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"నీ డబ్బాలు గట్టిగా పలకతాయక్కా. తప్పు చెప్పేదానికి లేదు" అంది.

"మరేంటికి వస్తివి?"

"ఆయప్ప దినామూ వాటి ముందర కూర్చుని తల ఊపతా ఉంటాడు. మొన్న యా పాట వింటివి అంటే, రాముని పాట అనె. అది అమ్మవారి పాటక్కా."

"తెలీలేదని నాకు చెప్పల్ల కదా?"

"ఎట్ల చెప్తాడు? అందరి ముందర తానే ఏరుకునె. ఇప్పుడు కాదంటే, చెవిటోనికి ఏరుకునేది కూడా రాదంటారని భయం."

రత్నమ్మ పోవడానికి తిరిగింది. ఆమె గడప దగ్గర ఆగింది.

"ఆ పొద్దు నువ్వన్న మాట ఆయప్పకి వినపడలే. నాకు వినపడె."

కోపంగా అని ఉంటే నేనూ ఒకటి అనేదాన్ని. నాకు ఆ నోరుంది. ఆమె మెల్లగా అని వెళ్లిపోయింది. చేతిలోని కోన్‌కు గమ్ము ఆరిపోయేదాకా అట్లే కూర్చున్నాను.

మరుసటి రోజు వాళ్లిద్దరినీ బయల్దేరదీసి, నా పెట్టెలు సంచుల్లో వేసుకుని, నేనే ఆ షోరూముకు పోయాను. అలాంటి చోట అడుగు పెట్టడం అదే మొదలు. రెండు జతలూ పక్కపక్కన పెట్టించి, ఈసారి నా పెట్టెల గొంతు తగ్గించి సమం చేశాను. ఏది బాగుందని అడగలేదు.

"పాటలో ఏమంటా ఉంది, చెప్పప్పా" అన్నాను.

నా పెట్టెలు పలుకుతుంటే అతను నా ముఖం చూసి, రత్నమ్మ ముఖం చూసి, "ఏదో సామీ అంది... మిగతాది బాగుంది" అన్నాడు.

జత మార్చారు. అతని తల ఊగడం ఆగిపోయింది. కాసేపటికి పాట వెంటే మెల్లగా పలికాడు: "పిలిచి పిలిచి గొంతెండిపాయె... పలకవేమయ్యా సామీ..." భార్యవైపు తిరిగాడు. "ఏమే, ఇది సామికా, నాకా?"

"ఎవరు పలికితే వాళ్లకి" అని రత్నమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

షోరూము అబ్బాయి అంతకు రెట్టింపు వెల జత కూడా వేసి చూపించాడు. గోపాలప్పకు అవే మాటలు తెలిశాయి, ఒక్కటి కూడా ఎక్కువ కాదు. "అది బేడప్పా, వద్దు" అన్నాను. ఆ రోజు నేను ధైర్యంగా అన్న మాట అదొక్కటే. అతను మొదట తెచ్చుకున్న జతనే కొన్నాడు.

తరువాత అలాంటి జత ఒకటి రిపేరుకు వస్తే జాగ్రత్తగా చూశాను. క్రాస్‌ఓవర్ అని ఒక భాగం ఉంటుంది. లావు శబ్దాన్ని పెద్ద కోన్‌కూ సన్న శబ్దాన్ని ట్వీటర్ అనే చిన్న స్పీకరుకూ పంచేది అదే. మాటకు అంచులు దిద్దే శబ్దాలు ఆ సన్నదానిలోనే ఉంటాయి. నా పెట్టెల్లో అది పేరుకు మాత్రమే పెట్టి, మిగిలిందే లాభం అనుకున్నాను. నా పెట్టె దడదడమని మాటను మింగేస్తుంటే దాన్నే బలం అని అమ్మాను. ఖరీదులో సగం పాలిష్‌దేనని ఇప్పటికీ అంటాను. మిగతా సగం దేనికో నేను ఎన్నడూ చెవి పెట్టి వినలేదు.

ఇప్పుడు స్పీకర్లు తెచ్చినవాళ్లను పెట్టె మీద కొట్టి పంపను. "నీకు ఏం వినాలనుంది, అది తీసుకురా" అంటాను. గొంతులు సమం చేస్తాను. చాలామందికి తక్కువ ఖరీదువే చాలు, వాళ్లకు అదే చెప్తాను.

గోపాలప్ప మా అంగడి ముందు నుంచి పోయేటప్పుడల్లా ఆగి, లోపలున్నవాళ్లకు వినిపించేలా, "స్పీకర్లంటే మా అక్కనే అడగల్ల. నా చెవులకి తగినవి అక్కే దగ్గరుండి ఇప్పించె" అంటాడు. రత్నమ్మ పక్కనే నిలబడి ఉంటుంది. ఆ పొద్దు నేనన్న గోడ మాట అతనికి ఆమె చెప్పలేదు, నేనూ చెప్పలేదు. కోన్‌కు గమ్ము రాస్తున్నట్టు తల దించుకుంటాను.