అట్ట పట్టుకునే మనిషి

మొన్న గ్యాసు వాళ్లకి ఫోను చేస్తే, ఓ అమ్మాయి హోల్డ్ చేయండి మేడమ్ అని, ఏదో వాయిద్యం వినిపించి మాయమైపోయింది. విసుక్కోబోయి, ఆ మాట దగ్గరే ఆగిపోయాను.

ఎనభైల్లో మావారు ఫిలింనగర్‌లో ఓ స్టూడియోలో గుమస్తాగా ఉన్నప్పుడు, సాయంత్రాలు మా వరండాలో సినిమా పనివాళ్లకి పదో తరగతి ఇంగ్లీషు చెప్పేదాన్ని. వాళ్లలో ఒకతను బోరబండ నుంచి సైకిలు మీద వచ్చేవాడు. షూటింగుల్లో నటుల మొహం మీదికి ఎండ మళ్లించే రిఫ్లెక్టరు అట్ట పట్టుకోవడం అతని పని. అప్పటికి రెండుసార్లు ఇంగ్లీషులో తప్పాడు. ఈసారి గట్టెక్కితే బడిలో అటెండరు ఉద్యోగం, లేదంటే వయసు దాటిపోతుంది.

ఓరోజు 'హోల్డ్' అన్న క్రియ చెబుతున్నాను. కర్ర పట్టుకోవడం వరకు బాగానే ఉన్నాడు గానీ, సభ జరపడమూ, నోరు అదుపులో పెట్టుకోవడమూ కూడా అదేనంటే తెల్లమొహం వేశాడు. నాకసలే ముక్కు మీద కోపం. అట్ట పట్టుకోవడం తప్ప నీకింకేం వస్తుందయ్యా అనేశాను, అందరి ముందూ. నోరు అదుపు గురించి పాఠం చెబుతున్నది నేనే మరి! మర్నాటి నుంచి అతను రాలేదు.

పరీక్ష దరఖాస్తుకి శనివారం ఆఖరు. శుక్రవారం దాకా చూసి, ఉండబట్టలేక, షూటింగు జరుగుతున్న జూబ్లీహిల్స్ బంగళాకి వెళ్లాను. అప్పట్లో అక్కడ సగం బండరాళ్లేనని మన తరం వాళ్లకి తెలుసుగా. బంగళా పక్కన కొండ వాలు మీద, మనిషంత అట్ట పట్టుకుని నిలబడ్డాడు. గాలి తోసేస్తోంది, చెమట కళ్లలోకి కారుతోంది, హీరోయిన్ మాటిమాటికీ డైలాగు మర్చిపోతోంది, ఆ పిల్ల చెంప మీది వెలుగు మాత్రం వెంట్రుకవాసి కదల్లేదు. నాకు సిగ్గేసింది. భోజనాల వేళ దగ్గరికెళ్లి, తప్పు నాదేనయ్యా అన్నాను.

"గట్లనకుండ్రి మేడం. పట్టుకునుడు నాకెర్కనే, గా ఒక్క మాటకు గిన్ని అర్థాలేందో గదే సమజ్ గాలే," అని నవ్వాడు.

ఆ అట్టనే బల్లగా చేసుకుని, వెంట తీసుకెళ్లిన దరఖాస్తు మీద సంతకం పెట్టించాను. ఆ తర్వాత పాఠాలన్నీ అతని పనిలోంచే చెప్పాను: మబ్బు తొలిగేదాకా ఆగడం, డైరెక్టరు అరిచినా నోరు మెదపకపోవడం. అన్నీ 'హోల్డ్'లే, అన్నీ అతను ఏళ్లుగా చేస్తున్నవే.

ఫలితాలొచ్చిన పొద్దున, తన నంబరున్న పేపరు రెండు చేతులా పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డాడు. అట్టని తిప్పినట్టే దాన్ని వెలుగుకి తిప్పి, నాకు నంబరు కనబడేలా పట్టుకున్నాడు.

ఆ బండలిప్పుడు లేవు, మా వరండా చోట అపార్టుమెంటు లేచింది. పిల్లలు ఏ మాటకైనా అర్థం ఫోనులో క్షణంలో చూసేసుకుంటున్నారు, మంచిదే. ఒక్క మాట కోసం కొండెక్కి తప్పొప్పుకోవాల్సిన అవసరం వాళ్లకి లేదు, ఆ అదృష్టమూ లేదు.

ఇంతలో గ్యాసు అమ్మాయి తిరిగొచ్చి, చాలాసేపు ఆపానని నొచ్చుకుంది. కసురుకోవడానికి మాట నోటిదాకా వచ్చింది గానీ, ఈసారి నోరు అదుపులో పెట్టుకున్నాను.