కుటుంబ చరిత్ర: ఏమీ లేదు

ఆఫీసులో ఆమెను అందరూ భూతద్దం అంటారు. మొదట్లో చాటుగా అనేవాళ్లు, తర్వాత మొహం మీదే అనేశారు. ఆమె పైకి కసురుకునేది గానీ లోలోపల తెగ మురిసిపోయేది. ఆస్పత్రుల నుంచి వచ్చే రోగుల ఫైళ్లు చదివి, డాక్టరు రాసిన ప్రతి జబ్బుకూ దాని కోడ్ వేయడం ఆ ఆఫీసు పని. మిగతావాళ్లు వేసిన కోడ్‌లలో తప్పులు పట్టడం భూతద్దం పని. పన్నెండేళ్లుగా ఆమె కళ్లుగప్పి ఒక్క తప్పూ బయటికి పోలేదు.

కొత్తగా చేరినవాళ్లకు మొదటి పాఠం పీసీఓఎస్ అనే అండాశయాల జబ్బు మీదే చెప్పేది.

"స్కాన్‌లో అండాశయాల్లో నీటిబుడగలు కనబడ్డాయా? పీరియడ్స్ తప్పుతున్నాయా? గడ్డం మీద వెంట్రుకలా? అన్నీ ఉండనీ. డాక్టరు ఆ జబ్బు పేరు రాయకపోతే ఇ ఇరవై ఎనిమిది పాయింట్ రెండు అన్న కోడ్ వేయడానికి మీరెవరు? అనుమానమొస్తే డాక్టరుకు ప్రశ్న పంపండి. మీ సొంత తెలివి ఇంట్లో పెట్టి రండి."

వాళ్లు పకపకా నవ్వేవాళ్లు.

ఇంత చెప్పే మనిషి తన సంగతి మాత్రం ఎక్కడా పొక్కనివ్వలేదు. అదే జబ్బు తనకూ ఉందని ఇరవై నాలుగో ఏట ఒక డాక్టరు రాసిస్తే, ఆ చీటీ ముక్కలు ముక్కలు చేసి మరీ పారేసింది. రోజూ పొద్దున్నే బాత్రూం గడియ పెట్టుకొని గడ్డం గీసుకునేది. పెళ్లై పద్దెనిమిదేళ్లైనా భర్తకు తెలియదు. లేదా తెలియనట్టు ఉండే మర్యాద ఆయనకు ఉంది.

ఆ ఇంట్లో పదహారేళ్ల కూతురు ఒక సాయంత్రం ట్యూబ్‌లైటు కింద నిలబడి మొహం పైకెత్తింది.

"అమ్మా, ఇక్కడ చూడు. వెంట్రుకలొస్తున్నాయి. పీరియడ్ వచ్చి కూడా నాలుగు నెలలైంది. నీకు చెబుదామా వద్దా అని చాలా రోజుల్నుంచి అనుకుంటున్నా."

ఏం జరుగుతోందో తల్లికి తెలియనిదా! మర్నాడే లేడీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. డాక్టరు అన్నీ అడిగి, చివర్లో కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండానే, "మీకు గానీ మీ అక్కచెల్లెళ్లకు గానీ ఇలా ఉండేదాండీ?" అంది.

కూతురు తల్లివైపు తిరిగింది. ఆ చూపు సూటిగా తన గడ్డం మీదే పడ్డట్టు అనిపించింది తల్లికి. సిగ్గుతో చచ్చిపోయింది.

"లేదండీ. మా ఇంట్లో ఎవరికీ లేదు" అనేసింది.

"కుటుంబ చరిత్ర: ఏమీ లేదు" అని డాక్టరు టైపు చేసుకుంది. "ఈ వయసులో కొందరికి ఇలా అవుతుంటుంది. కాస్త బరువు తగ్గనివ్వండి. ఆరు నెలలు ఆగి చూద్దాం" అని పంపించేసింది. పరీక్షలేవీ రాయలేదు.

కూతురి బుర్రలో బరువన్న మాట ఒక్కటే నాటుకుపోయింది. పొద్దున తినడం మానేసింది. బడిలో మాట్లాడేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం మొదలుపెట్టింది. ఒకరోజు స్నేహితురాలి పుట్టినరోజుకు తయారై, గుమ్మం దాకా వెళ్లి, వెనక్కొచ్చి పడుకుంది.

"మన ఇంట్లో ఎవరికీ లేంది నాకే ఎందుకమ్మా వచ్చింది? నేనేం చేశాను?" అని అడిగింది.

"తగ్గిపోతుందిలే" అని తల్లి వంటింట్లోకి జారుకుంది. ఒక్క మాట, నోరు తెరిచి ఒక్క మాట చెబితే ఆ పిల్ల భారం సగం దిగిపోయేది. అది తెలిసి కూడా కడిగిన గిన్నెలే మళ్లీ కడుగుతూ నిలబడిన మనిషిని ఏమనాలి!

రెండు వారాల తర్వాత ఆఫీసులో ఆమె ముందుకు ఒక ఫైలు వచ్చింది. రోగి తల్లికి పీసీఓఎస్ ఉందని మొదటి పేజీలో ఉంది. మూడో పేజీలో కుటుంబంలో ఎవరికీ లేదని ఉంది. అలవాటు చొప్పున డాక్టరుకు ప్రశ్న కొట్టింది: "రెండింటిలో ఏది నిజమో దయచేసి తెలపండి."

పక్క సీటు అమ్మాయి తొంగి చూసింది. "మేడం, వాళ్లమ్మే తనకు లేదని చెప్పుంటుందండీ."

"కన్నకూతురి విషయంలో అబద్ధమెందుకు చెబుతుంది?"

"సిగ్గేమో మేడం" అని ఆ అమ్మాయి తన పనిలో పడిపోయింది.

భూతద్దానికి చెవులు వేడెక్కాయి. తెర మీది ఆ ప్రశ్న చూస్తుంటే తల ఎత్తబుద్ధి కాలేదు. సెలవు పెట్టి, తిన్నగా బడికి వెళ్లి కూతుర్ని తీసుకొని డాక్టరు దగ్గరికి వెళ్లింది.

"పోయినసారి నేను తప్పు చెప్పానండీ" అంది. "నాకుంది. పదిహేనో ఏట మొదలైంది. గడ్డం... రోజూ గీసుకుంటాను."

డాక్టరు ఆశ్చర్యపోలేదు, తిట్టనూ లేదు. "ఇది నాకు అప్పుడే తెలిసుంటే ఆరు నెలలు ఆగమనేదాన్ని కాదు" అని ఫైలు సరిచేసి, రక్తపరీక్షా స్కానూ రాసింది. డాక్టర్లకు వేల ప్రశ్నలు పంపిన మనిషి చీవాట్లు తిన్న బడిపిల్లలా చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. కూతురివైపు చూసే ధైర్యం రాలేదు.

రక్తం ఇచ్చాక ఇద్దరూ బయట బెంచీ మీద కూర్చున్నారు. కూతురు మోచేతి మడతలో దూది నొక్కిపట్టుకుంది.

"పదిహేనేళ్లప్పుడు నువ్వెవరికి చెప్పావు?" అంది.

"ఎవరికీ చెప్పలేదే. మా అమ్మకు చెబితే ఏమంటుందోనని భయం."

కూతురు దూది తీసి చూసుకొని, మళ్లీ నొక్కింది.

"నేను నీకు చెప్పాను కదమ్మా" అంది.

కోపంగా అనుంటే బాగుండేదనిపించింది తల్లికి.