కోలాటంలో నా జత

తాడేపల్లిగూడెంలో మా మనవరాలు బాల్‌రూమ్ డాన్స్ నేర్చుకునే హాల్లో నేల మీద సుద్దతో గీసిన పాదాల గుర్తులు చూశాను. నా తొమ్మిదో ఏట కొల్లేటికోటలో క్రిస్మస్ కోలాటానికి మాస్టారు కూడా చర్చి ముందు సున్నంతో అలాగే గీసేవారు.

గుర్తు దాటితే నన్ను తిట్టేవారు. నా జత రూతు, మా పిన్ని కూతురు, ఇష్టమొచ్చినట్టు గిర్రున తిరిగినా నవ్వి ఊరుకునేవారు. నాకు కడుపు మండిపోయేది.

"నేనూ తిరుగుతానండీ" అన్నాను.

"నువ్వు అడుగేసి, కర్ర చాపి నిలబడు."

"మరి దానికి అడుగులు లేవాండీ?"

"దానికి నువ్వున్నావు కదే."

నన్ను గుంజలా పాతేశారనుకున్నాను. క్రిస్మస్ నాడు ఊరంతా చూస్తుండగా రూతు గిర్రున తిరిగొచ్చి నా కర్ర మీదికి తన కర్ర విసురుగా ఊపింది. నేను కావాలనే నా కర్ర దించేశాను. తగలాల్సిన కర్ర లేక రూతు తూలి బోర్లా పడింది.

"ఏమైందక్కా, నేనే తప్పానా?" అంది లేస్తూ.

"నువ్వే" అన్నాను.

నమ్మేసింది. నా కర్ర అక్కడ ఉంటుందన్న నమ్మకంతోనే అది కళ్లు మూసుకుని తిరిగేదని పెద్దయ్యాక గానీ నాకు తెలియలేదు. మరుసటి ఏటి నుంచి రూతు ఒక్కసారీ తిరగలేదు, నాలాగే అడుగులేసింది. మాస్టారు ఇద్దర్నీ సమానంగా తిట్టారు. నేను కోరుకున్నది అదే.