ఇచ్చేసిన ఆవకాయ సీసా

అమీర్‌పేటలో ఆడపిల్లల హాస్టల్‌కు వంట చేసే రాజమ్మకు నోరు కాస్త ఎక్కువే. అన్నం పారేసిన పిల్ల కనబడితే మెట్లదాకా వెంటపడి తిడుతుంది. దేవుడి సంగతైతే ఇక చెప్పనక్కర్లేదు. ఆదివారం ప్రార్థనలో విన్నదంతా సోమవారం ఉప్మాతో పాటు వడ్డించేది. హాస్టల్ నడిపే రత్నమాల ఒకరోజు పిలిచి గట్టిగానే చెప్పింది.

"పిల్లల దగ్గర యేసు ప్రభువు మాటలు వద్దు రాజమ్మా. పెద్దవాళ్లు గొడవ చేస్తారు. మళ్లీ వింటే వేరే వంటమనిషిని చూసుకుంటాను."

అప్పటినుంచి రాజమ్మ ప్రార్థనలు పొయ్యి దగ్గరే, పెదవి కదలకుండా.

ఒక ఉదయం హాస్టల్ పిల్ల మానస టిఫిన్‌కు వస్తూ ఆవకాయ సీసా పట్టుకొచ్చింది.

"గిది పక్క రూమ్ హైందవిది గద?"

"నాకిచ్చేసింది ఆంటీ. కొత్త చున్నీ సుత ఇచ్చింది. ఇగ తనకు అక్కర లేదంట."

రాజమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. హాస్టల్ పిల్లలు కమ్మలైనా అరువిస్తారు గాని, అమ్మ పెట్టి పంపిన ఆవకాయకు కాపలా కాస్తారు. హైందవి మూత మీద పేరు కూడా రాసుకుంది. పైగా పంజాగుట్టలో ఉద్యోగమని మెడలో కార్డు వేసుకుని అందరికన్నా ముందు బయల్దేరే పిల్ల, ఇవాళ గది దాటలేదు. ఉన్నవన్నీ పంచేస్తోందంటే ఈ పిల్ల ఏం చేసుకోబోతోందోనని రాజమ్మకు అనుమానం వచ్చింది.

పిల్లలంతా కోచింగులకు వెళ్లాక పైకెళ్లి హైందవి గది తలుపు తట్టింది.

"నిద్రొస్తోంది ఆంటీ. మీరు వెళ్లండి."

ఆ గొంతు మరీ మర్యాదగా ఉంది. అదే రాజమ్మను భయపెట్టింది. తాను పొరబడి గొడవ చేస్తే పిల్ల పరువు పోతుంది, తన పనీ పోతుంది. ఊరుకుంటే పిల్లే పోతుందేమో. రోజంతా వాగే మనిషికి ఏమనాలో తెలియలేదు.

భర్త పోయినప్పుడు తనూ ఇలాగే తలుపేసుకుంది. చర్చికి వెళ్లే బుచ్చమ్మ వచ్చి గడప మీద కూర్చుంది. బైబిలు వాక్యం చెప్పలేదు, ఓదార్చలేదు, తలుపు తీసేదాకా కదల్లేదు. రాజమ్మ ప్రభువును నమ్మింది ఆ గడప దగ్గరే.

ఇప్పుడు తను కూర్చుంది.

"నేను పోను బిడ్డా. సీసా చూసిన కాడికెల్లి నాకు మస్తు భయమైతుంది. సచ్చిపోదామనుకుంటున్నవా?"

తలుపు తెరుచుకోలేదు. ఎవరినైనా పిలుచుకొద్దామన్నా ఆ గుమ్మం వదలాలంటే భయం. ఇక ఆగలేక పైకే అనేసింది.

"యేసయ్యా, గీ పిల్లను ఇడువకు. నాకు మాటలొస్తలేవు. నువ్వే లోపలికి పో."

మెట్ల మీద రత్నమాల చెప్పుల చప్పుడు వినిపించింది. రాజమ్మ ప్రార్థన ఆపలేదు. అదే మాట మళ్లీ మళ్లీ అంటూనే ఉంది. చివరికి గడియ తీసిన చప్పుడైంది.

"అసలు ఉద్యోగమే లేదు ఆంటీ," హైందవి ఆమె ఒళ్లో పడిపోయింది. "రోజూ మెట్రో స్టేషన్లో కూర్చుని వస్తున్నాను. నాన్నేమో నా ఆఫీసు చూడ్డానికి వస్తున్నారు. ఎవరికీ చెప్పకండి."

"చెప్త బిడ్డా. మీ అమ్మకు చెప్త, డాక్టరమ్మకు చెప్త. నన్ను తిట్టుకో."

రత్నమాల అంతా వింది. ప్రార్థన ఊసెత్తలేదు. వచ్చి పక్కనే నేలమీద కూర్చుని ఫోన్ తీసింది. "అమ్మ నంబరు చెప్పమ్మా."

తల్లి వచ్చి కొన్నాళ్లు కూతురి దగ్గరే ఉండి వెళ్లింది. డాక్టరు దగ్గరికి వెళ్లిరావడం సాగుతూనే ఉంది. మానస దగ్గరున్న సీసాను రాజమ్మ వెనక్కి తెచ్చి వంటింట్లో దాచింది. కావాలంటే హైందవి రోజూ వచ్చి అడగాలి. వచ్చేదాకా రాజమ్మ చెవులు మెట్ల మీదే ఉంటాయి. వచ్చాక ఒక్క ముక్కే వేస్తుంది. సీసా ఖాళీ అయితే ఈ పిల్ల వంటింటికి రావడం మానేస్తుందేమోనని ఆమె భయం.

మొన్న హైందవి కంచం వెనక్కి తీసుకోలేదు.

"ఇంకో ముక్క వెయ్యండి ఆంటీ. ఆవకాయ మళ్లీ పంపమని అమ్మకు చెప్పాను."

రాజమ్మ సీసాలో గరిటె పెట్టి, ముక్క కోసం వెతుకుతూ ఏడ్చేసింది.