మారుమనస్సు అని రాయబోయి

పందొమ్మిది వందల యాభైలలో నేను ప్రసంగాల్లో నచ్చిన మాటలు ఏరి, వారానికొకటి ఎమ్మిగనూరులోని మా ప్రార్థన మందిరం గోడ మీద సుద్దతో రాసేవాణ్ణి. ఒక ఆదివారం "మారుమనస్సుతోనే కొత్త బతుకు" అని రాయబోయి, తొందరలో "మారుమనువుతోనే" అని రాశాను. మారుమనస్సంటే పశ్చాత్తాపం, మారుమనువంటే రెండో పెళ్లి. ఆ గోడ పక్కనే కూర్చునే నేతపని చేసే వితంతువును చూసి ఆడవాళ్లు నవ్వారు.

"ఏమక్కా, గోడ మీద రాయించుకొని మరీ పెండ్లికి తయారైనావే?"

చదువురాని ఆమె నన్నడిగింది. "ఆడ ఏం రాసినావప్పా?"

నేను గబగబా గోడ తుడిచేశాను. ఆమె రాయించుకుందన్న మాటే ఊళ్లో నిలిచింది. ఆమె మందిరం మానేసి, ఆదోనిలో పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లులో కూలికి చేరింది. ఏడాదికి అక్కడికి వెళ్లి, తప్పు నాదేనన్నాను.

"గోడ తుడిస్తివి. నోళ్లు యాడ తుడుస్తావప్పా?" అంది.

ఆమె ఏదీ రాయించుకోలేదు. ఇది వినవలసినవాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు.